గడియారం లేని హాలు

రఫ్ఫక్క ఎవరినైనా చూస్తే ముందు మోచేతులు చూస్తుంది. తర్వాత కాలరు, ఆ తర్వాత జేబు అంచు. ఇంకా ఓపికుంటే మొహం. డ్రైక్లీనింగ్ దుకాణం వెనక గదిలో, కిటికీ పక్కన ఎత్తు కుర్చీలో కూర్చుని ఆమె చేసేది రఫ్ పని. అంటే చిరుగు మీద అతుకు వేయడం కాదు. అదే బట్ట లోపలి మడత నుంచి పోగులు లాగి, సన్నని సూదితో పడుగూ పేకా మళ్లీ నేసి, చిరుగు ఎక్కడుండేదో తొడుక్కునే మనిషి కూడా వెతుక్కునేలా చేయడం. ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మొగుడి ఒకే ఒక్క మంచి ప్యాంటు ఆమె చేతిలోనే మేకుకు పట్టుకుని చిరిగింది. ఆయన ఇంటికొచ్చేలోగా ఏదో ఒకటి చేయాలన్న భయమే ఆమెకు గురువు. ఆయన పోయి చాలా కాలమైంది. పని మాత్రం చేతిలో మిగిలింది.

ఆ పనిలో మాటలకు చోటుండదు. మాట్లాడితే పోగు తప్పుతుంది. అందుకే యాభై దాటినా ఆమెకు స్నేహితురాలంటూ ఎవరూ లేరు. ఉన్నదల్లా చెల్లెలు, మరిది, వాళ్లింటి మేడ మీద ఒక గది. అది లోటని ఆమెకు తోచను కూడా లేదు, కండక్టరమ్మ దుకాణంలో అడుగుపెట్టేదాకా.

కండక్టరమ్మ బస్సు కండక్టరుగా చేసి కొత్తగా రిటైరైంది. యూనిఫాం కోటు తెచ్చి కౌంటరు మీద పడేసింది. ఏళ్ల తరబడి టికెట్ల సంచి రాసుకుని రాసుకుని ఆ కోటు భుజం దగ్గరా, నడుం దగ్గరా జల్లెడైపోయింది.

"ఉద్యోగమే అయిపోయింది కదమ్మా, ఇంకా ఈ కోటెందుకు?" అన్నాడు కౌంటరాయన.

"నా ఒళ్లు కూడా రిటైరైంది. దాన్నీ పారేయమంటావా?" అందామె.

మర్నాడు పని ఎంతవరకు వచ్చిందో చూస్తానని వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. కోటు తయారయ్యాక కూడా రావడం మానలేదు. ఇస్త్రీ బల్ల పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుని, తన బస్సెక్కిన జనం కథలన్నీ చెప్పేది. "ఈవిడొస్తే నా బాయిలరు మోత నాకే వినపడటం లేదు" అనేవాడు ఇస్త్రీ ఆయన. రఫ్ఫక్క తలెత్తేది కాదు. కానీ కండక్టరమ్మ రాని రోజున సూది సరిగ్గా నడిచేది కాదు. అదేమిటో ఆమెకు అర్థమయ్యేది కాదు.

ఒక సాయంత్రం కండక్టరమ్మ కథ మధ్యలో ఆగిపోయింది. నుదుటి నిండా చెమట, వేళ్లు వణుకు, మాట తడబాటు. ఇస్త్రీ ఆయన పరుగున టీ డబ్బాలోంచి చక్కెర తెచ్చి నోట్లో పోశాడు. కాసేపటికి తేరుకుని, "షుగరు జబ్బు. ఇంజెక్షన్ వేసుకుని తినడం మర్చిపోయా" అంది, ఏదో గొడుగు మర్చిపోయినంత తేలిగ్గా. ఆ రోజు రఫ్ఫక్క చేతిలో కోటు అలాగే ఉండిపోయింది. మనిషి కళ్ల ముందే అలా పోగుపోగుగా విడిపోతుంటే ఎక్కడ పట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకే కండక్టరమ్మ ఈ ప్రయాణం తలపెట్టింది. పాత డిపోవాళ్లు ఒక బస్సు మాట్లాడుకుని, జూదశాలలు ఉన్న ఊరికి ఒక్క రోజు విహారానికి వెళ్తున్నారు.

"ఆడటానికి కాదు అమ్మాయ్, చూడటానికి" అంది. రఫ్ఫక్కను ఆమె అలాగే పిలుస్తుంది. "ఆ ఊరి బోర్డున్న బస్సు ఎన్నేళ్లు నడిపించానో! వెళ్లేటప్పుడు ఒకటే పాటలు, వచ్చేటప్పుడు ఒకటే నిద్ర. ఆ మధ్యలో ఏముందో ఒక్కసారి చూడొద్దూ? నువ్వూ రా."

రఫ్ఫక్క వస్తానంది. ఆ మాట చెల్లెలి చెవిన పడింది.

"జూదాల ఊరికి చూడటానికి ఎవరైనా వెళ్తారా అక్కా?" అంది చెల్లెలు, గిన్నె తోముతూనే. "ఆవిడతో పరిచయమై ఎన్నాళ్లైంది నీకు? ఒంటరిగా వెళ్తానంటే వాళ్లమ్మాయి పంపదు. నువ్వుంటే పంపుతుంది. నువ్వు తోడు కాదు, సాకువి."

"అలాంటి మనిషి కాదే ఆవిడ."

"ఎలాంటి మనిషో నీకెలా తెలుసు? నువ్వు చూసింది కోటునే కదా!"

ఆ మాట ముల్లులా దిగింది. పీకి పారేద్దామంటే దొరకలేదు.

బయల్దేరే పొద్దున బస్సు దగ్గరికి కండక్టరమ్మ కూతురు వచ్చింది. చేతిలో నల్ల సంచి. అందులో ఇంజెక్షన్లు, గ్లూకోజు పొడి, బిస్కెట్లు, నీళ్ల సీసా. ఆ సంచిని అమ్మకు ఇవ్వలేదు, తెచ్చి రఫ్ఫక్క ఒళ్లో పెట్టింది.

"ఆంటీ, మా అమ్మ మాటలు నమ్మకండి. ఇంజెక్షన్ వేసుకున్నాక ఏదో ఒకటి తినేదాకా పక్కన్నుంచి కదలొద్దు. మీరున్నారనే పంపిస్తున్నా."

మీరున్నారనే పంపిస్తున్నా. అచ్చం చెల్లెలు చెప్పిన మాటే. రఫ్ఫక్క సంచి పట్టీని చేతికి రెండు చుట్లు చుట్టుకుంది.

దారిలో కండక్టరమ్మ ఊరుకుంటే కదా. సీట్ల మధ్య అటూ ఇటూ తిరిగింది, డ్రైవరు మలుపు తిప్పిన తీరుకు మార్కులు వేసింది, ఎవరో నిద్రపోతుంటే "స్టేజీ వచ్చింది, దిగండి" అని లేపి తిట్లు తింది. రఫ్ఫక్క నవ్వింది. నవ్వుతూనే, ఈవిడకి ఇంత హుషారు దేనికని ఒకసారి అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఊరు దగ్గరపడ్డాక పెద్ద పెద్ద భవంతులు కనపడ్డాయి. పట్టపగలే వాటి నిండా దీపాలు. బస్సు ఒక భవంతి ముందు ఆగింది. దిగగానే భోజనాలని ముందే చెప్పారు కాబట్టి, సీట్లోనే కూర్చుని కండక్టరమ్మ ఇంజెక్షన్ వేసుకుంది. సెల్‌ఫోను కూడా ఆ సంచిలోనే పడేసి దిగింది.

"విను అమ్మాయ్. జనంలో తప్పిపోతే పిచ్చిదానిలా తిరక్కు. గడియారం కిందకి వచ్చి నిలబడు. మా డిపోలో కొత్తగా చేరినవాళ్లకి చెప్పే మొదటి మాట ఇదే. ఏ స్టాండులోనైనా గడియారం ఒకటుంటుంది, అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి."

"తప్పిపోవడం ఎందుకు, నీ పక్కనే ఉంటా కదా" అంది రఫ్ఫక్క.

లోపలికి వెళ్లాక తెలిసింది, భోజనాల గది ఇంకా తెరవలేదట. కాసేపు తిరిగి రమ్మన్నారు. రఫ్ఫక్క అక్కడే సంచి విప్పి బిస్కెట్లు తీసింది.

"ముందు ఇవి రెండు తినక్కా."

"వచ్చి తింటా. బస్సు దిగినప్పట్నుంచీ ఆపుకుంటున్నా" అని కండక్టరమ్మ ఆడవాళ్ల గదివైపు గబగబా నడిచింది. గోధుమరంగు శాలువా కొంగు తలుపు మూలకు ఒకసారి రాసుకుని లోపలికి వెళ్లిపోయింది.

రఫ్ఫక్క తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. ఎదురుగా హాలు. ఎంత పొడుగో చివర కనపడలేదు. వరసలు వరసలుగా మిషన్లు, ప్రతి మిషను ముందూ ఒక వీపు. గంటలు, బూరలు, చిన్నపిల్లల బొమ్మలు చేసే చప్పుళ్లు అన్నీ ఒకేసారి. ఒక్క కిటికీ లేదు. ఎండ ఎటువైపు నుంచి పడుతుందో తెలియందే ఆమె ఏనాడూ ఏ గదిలోనూ కుదురుగా కూర్చోలేదు. ఇక్కడ అసలు ఎండే లేదు.

తలుపు చాలాసార్లు తెరుచుకుంది. ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చారు. కండక్టరమ్మ రాలేదు.

లోపలికి వెళ్లి చూసింది. "అక్కా" అని పిలిచింది. ఒక్కో తలుపూ నెమ్మదిగా తోసింది. అన్నీ ఖాళీ. అద్దాలకు అవతల, తను రాని వైపు, ఇంకో తలుపు కనపడింది. అది ఇంకో హాల్లోకి తెరుచుకుంది. అక్కడా అవే మిషన్లు, అవే వీపులు.

కండక్టరమ్మ ఈ తలుపులోంచి బయటికొచ్చి, తను కనపడక ఎటో వెళ్లింది. ఇంజెక్షన్ ఒంట్లో పనిచేస్తోంది. తిండి ఇక్కడ తన భుజానికి వేలాడుతోంది.

గడియారం. గడియారం కింద అంది కదా. రఫ్ఫక్క తలెత్తి గోడలు చూసింది. అద్దాలు, రంగు దీపాలు, పరుగెత్తే అంకెలు. గడియారం మాత్రం లేదు. రెండో గోడకూ లేదు. స్తంభాలు చుట్టి చూసింది. ఎదురొచ్చిన ఒక ఉద్యోగిని ఆపి అడిగింది.

"గడియారమా? ఇక్కడ పెట్టరమ్మా" అన్నాడతను నవ్వి. "టైము కనపడితే జనం లేచి ఇంటికి పోరూ?"

ఆ నవ్వు చెవిలో పడగానే చెల్లెలి మాట పైకి లేచింది. జూదాల ఊరికి చూడటానికి ఎవరైనా వెళ్తారా? తప్పిపోలేదేమో. తప్పించుకుందేమో. వచ్చి తింటానన్న తొందర, ఫోను సంచిలో పడేయడం, బస్సులో ఆ హుషారు అన్నీ ఒక్కసారిగా ఒక వరసలోకి వచ్చి నిలబడ్డాయి. కాదని తల విదిలించుకుంది. కానీ కాళ్లు మాత్రం మిషన్ల వైపే నడిచాయి.

ఒక్కో వరసా వెతికింది. వీపులన్నీ చూసింది. నాలుగో అయిదో వరస చివర గోధుమరంగు శాలువా కనపడింది. చెయ్యి మిషను మీటను లాగుతోంది, వదులుతోంది. రఫ్ఫక్కకు ఒక్కసారి ఎంత కోపం వచ్చిందంటే, ఇంజెక్షనూ బిస్కెట్లూ అన్నీ మర్చిపోయింది. వెళ్లి శాలువా పట్టుకుంది. పట్టుకోగానే వేళ్లకు తెలిసిపోయింది. అది ఉన్ని కాదు, మిషను నేత.

"ఇది నోరు విప్పేదాకా నేను లేవను" అంది ఆ ముసలావిడ, తల కూడా తిప్పకుండా. "నీకు కావాలంటే పక్కది చూసుకో."

రఫ్ఫక్క రెండడుగులు వెనక్కి వేసింది. మనిషి దొరకలేదన్న భయం కన్నా, దొరికిందనుకున్నప్పుడు తనలో లేచిన ఆ కోపమే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

సంచిలో ఫోను మోగింది. కూతురు. మోగనిచ్చింది. ఆగి మళ్లీ మోగింది. ఇక తప్పదని తీసి, హలో అంది.

"ఆంటీ, అమ్మ తిందా?"

"బాత్రూంకి వెళ్లిందమ్మా" అంది. అది అబద్ధం కాదు. నిజమూ కాదు.

"ఇంజెక్షన్ వేసుకుందా?"

"ఆ."

"అయితే బయటికి రాగానే పెట్టేయండి ఆంటీ. ఆలస్యమైతే ఏం మాట్లాడుతుందో అమ్మకే తెలియదు, పడిపోతుంది కూడా. సరేనా?"

"సరేనమ్మా" అంది రఫ్ఫక్క. ఫోను సంచిలో పడేసింది.

తలుపు దగ్గర నిలబడ్డ కాపలా మనిషి దగ్గరికి పరుగెత్తింది. నెరిసిన మీసాలు, పెద్దతరహా మనిషి. చెప్పింది విని, చేతిలో వైర్‌లెస్ సెట్టు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఎలా ఉంటారావిడ?"

"గోధుమరంగు ఉన్ని శాలువా. ఎడమ అంచున రెండు పేకలు వదులయ్యాయి. జాకెట్టు ముదురు నీలం, కాలరు ఉల్టా తిప్పి కుట్టింది. కుడి చేతి మణికట్టు దగ్గర..."

"బట్టలు కాదమ్మా. మనిషి."

రఫ్ఫక్క కళ్లు మూసుకుంది. కండక్టరమ్మ గొంతు వినపడింది. నవ్వు వినపడింది. స్టూలు నేలమీద ఈడ్చిన చప్పుడు కూడా వినపడింది. మొహం మాత్రం రాలేదు.

"కళ్లజోడు ఉందా?"

"తెలీదు."

"జుట్టు నెరిసిందా, నల్లగా ఉందా?"

"రోజూ నా పక్కనే కూర్చుంటుందండీ" అంది రఫ్ఫక్క, కన్నీళ్లు జారుతుంటే. "నేను తలెత్తి చూడలేదు."

ఆ పెద్దాయన శాలువా గురించి ఆమె చెప్పిందంతా పొల్లు పోకుండా సెట్టులో చెప్పాడు. అటు నుంచి గరగర తప్ప జవాబు రాలేదు. "మీరిక్కడే ఉండండి" అన్నాడు. ఉండటం ఆమె వల్ల కాలేదు.

గోడ వారగా ఒకామె మాసిన మేజాబట్టల బండి తోసుకుంటూ వస్తోంది. పనివాళ్ల ఏప్రాను. దాని జేబు మూల ఊడి వేలాడుతోంది. రఫ్ఫక్క ఆమెనే ఆపింది. ఎందుకంటే ఈ మొత్తం భవంతిలో తనలాంటి మనిషి ఆమె ఒక్కతే కనపడింది. ఆపాక తట్టింది, కండక్టరమ్మ కూడా ఇలాగే ఆపుతుందని. ఆవిడ కౌంటర్లో అడిగే రకం కాదు. ఏ ఊళ్లో అయినా డ్రైవరునో, ఊడ్చే మనిషినో పట్టుకుని అడుగుతుంది.

"అమ్మా, ఇక్కడెక్కడైనా గడియారం ఉందా?"

"ఇదేంటీ, ఇవాళ అందరికీ గడియారమే కావాలి!" అంది బండి ఆమె. "ఇందాక ఒక పెద్దావిడా ఇదే అడిగింది. హాల్లో ఉండదమ్మా. మేం హాజరు కార్డు వేసే చోట ఉంటుంది. ఆ తలుపు తీసుకుని, మెట్లు దిగి, వంటగది దాటితే..."

ఆమె మాట పూర్తయ్యేసరికి రఫ్ఫక్క తలుపు దగ్గరుంది.

తలుపు వెనక వేరే లోకం. తివాచీ లేదు, రంగు దీపాలు లేవు. సిమెంటు నేల, గోడకు చెమ్మ, పైపులు. మెట్లు దిగి మలుపు తిరిగితే పొడుగాటి నడవ. గోడకు హాజరు కార్డులు పేర్చిన చెక్క అర. దాని పైన గుండ్రటి గడియారం. దాని కింద బల్ల. బల్ల మీద కండక్టరమ్మ.

కూర్చుని లేదు, కూర్చున్నట్టుగా గోడకు జారిపడి ఉంది. జుట్టు చెమటకు నుదుటికి అతుక్కుపోయింది. శాలువా నేల మీద పడి ఉంది. గడప దగ్గర నిలబడ్డ వంటాయన ఒకడు, "మీ మనిషేనా? పొద్దున్నే పట్టించినట్టుంది" అన్నాడు.

రఫ్ఫక్క మోకాళ్ల మీద కూలబడి సంచి తిరగేసింది. అన్నీ నేలమీద దొర్లాయి.

"ముందుకు జరగండి" అంటోంది కండక్టరమ్మ, మూతబడే కళ్లతో. "ముందు ఖాళీగా ఉంది... జరగండి..."

"జరుగుతున్నారక్కా, అందరూ జరుగుతున్నారు. ఇది తాగు."

నీళ్ల సీసాలో గ్లూకోజు పొడి పోసి, కలిపి, పెదాలకు ఆనించింది. సగం గడ్డం మీదుగా కారింది. "మింగక్కా. మింగు." గొంతు కదిలింది. ఇంకో గుక్క. పోగును కన్నంలోకి ఎక్కించేటప్పుడు బిగబట్టినట్టే ఊపిరి బిగబట్టి, ఒక్కో గుక్కా పట్టించింది. వంటాయనకు అప్పటికి సంగతి అర్థమైంది. లోపలికి వెళ్లి ఒక బ్రెడ్డు ముక్కా, ఉడికించిన గుడ్డూ తెచ్చి బల్ల మీద పెట్టి, తప్పు చేసినవాడిలా పక్కకు నిలబడ్డాడు.

ఆ ఎదురుచూపులో రఫ్ఫక్క మొదటిసారి ఆ మొహం చూసింది. జుట్టు నెరిసింది. కళ్లజోడు లేదు. పై పెదవి మీద చిన్న పుట్టుమచ్చ. ఎడమ కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలు మొలవని గీత, ఎప్పుడో దెబ్బ తగిలి ఉంటుంది. ఎప్పుడు, ఎలా అని అడగాలి. అడిగే అవకాశం ఉంటుందా? ఇంకో గుక్క పట్టించింది.

చాలాసేపటికి కండక్టరమ్మ కళ్లు నిలబడ్డాయి. ముందు గడియారం వైపు చూసింది, తర్వాత రఫ్ఫక్క వైపు.

"వచ్చావా?" అంది. గొంతు పీలగా ఉంది. "గడియారం కోసం భవంతంతా తిరిగా. ఇక్కడ కూర్చుంటే వస్తావనుకున్నా. ఇంతసేపైందేమిటి? ఎక్కడ వెతికావు?"

బ్రెడ్డు ముక్క చేతికిస్తూ రఫ్ఫక్క ఆగింది. భోజనాల గది దగ్గర అనొచ్చు. బస్సు దగ్గర అనొచ్చు. తను అనుమానించిందని ఎవరికి తెలుస్తుంది? తన చేతి పనంతా చిరుగును కనపడకుండా చేయడమే. కానీ పోగులు ఆ బట్టలోవే అయితేనే అది నిలుస్తుంది.

"మిషన్ల దగ్గర" అంది.

కండక్టరమ్మ నమలడం ఆపింది.

"ఆడుతున్నాననుకున్నావా?"

"అనుకున్నా."

"నన్నొదిలేసి పోయి ఆడుతోంది అనుకున్నావు."

"అనుకున్నా అక్కా. ముందు అక్కడే వెతికా. అందుకే ఆలస్యమైంది."

కండక్టరమ్మ గుడ్డు తీసుకుని నెమ్మదిగా తింది. వంటాయన అక్కడ నిలబడలేక లోపలికి వెళ్లిపోయాడు. గడియారం టిక్కుటిక్కుమంటోంది. ఏళ్ల తరబడి మౌనంలోనే పనిచేసిన మనిషికి మౌనం ఇంత బరువని తెలియదు. ఆమె తిట్టి ఉంటే బావుండుననిపించింది.

"రోజూ నీ పక్కన కూర్చుని వాగుతున్నా కదే" అంది చివరికి కండక్టరమ్మ, అటు తిరిగే. "ఒక్క ముక్కా నీ చెవిలో పడలేదా?"

"పడింది."

"ఏం పడింది?"

"నువ్వు చూడటానికే వచ్చావని పడింది. అయినా అనుకున్నా. భయపడితే నేనింతే."

కండక్టరమ్మ బల్ల పట్టుకుని లేచింది. కాలు తడబడితే రఫ్ఫక్క పట్టుకోబోయింది. కండక్టరమ్మ ఆ చెయ్యి తోసేసి, నేల మీదున్న శాలువా తనే వంగి తీసుకుని కప్పుకుంది. రఫ్ఫక్క దొర్లిన వస్తువులన్నీ గబగబా సంచిలో కుక్కుకుంది.

"ఎక్కడికి? బస్సు దగ్గరికేనా?"

"బస్సుకేం తొందర? ఇంత దూరం వచ్చి గోడ గడియారం చూసి పోనా?" గొంతులో ఇంకా ముభావం పోలేదు. "ఆ హాలు ఒక చుట్టు చుడతా. రావాలనుంటే రా. నా మీద కాపలాకైతే రావద్దు."

మెట్ల వైపు నడిచింది. ఆ నడక ఇంకా కుదురుగా లేదు. రఫ్ఫక్క వెనకే వెళ్లి, శాలువా కొంగు పిడికిట్లో బిగించింది. నాలుగు మెట్లెక్కేసరికి శాలువా మెడ దగ్గర బిగుసుకుంది.

"వదులు" అంది కండక్టరమ్మ, ఆగి.

"వదలను."

"ఉన్నిది. చిరుగుతుంది."

"చిరిగితే కుడతా" అంది రఫ్ఫక్క. "నడువక్కా."

కండక్టరమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. కానీ తర్వాతి మెట్టు కాస్త నెమ్మదిగా ఎక్కింది.